పొలి

కీత్లీ. ఊరి పేరులో రాసే అక్షరాలు
సగం నోట్లోకి రావు.
మెథడిస్టు చర్చి హాల్లో మంగళవారం రక్తదానం.
బ్యాడ్మింటన్ గీతల మీద ఏడు మంచాలు,
మూలన కెటిలు, బిస్కెట్ల పళ్ళెం.

నాలుగో మంచం మీద విల్‌ఫ్రెడ్ మర్గట్రాయిడ్.
నలభై ఏళ్ళు సమాధిరాళ్ళ మీద పేర్లు చెక్కిన చెయ్యి.
నరం వెతకక్కర్లేదు, తాడులా తేలింది.
సూది దించి టేపు అంటించానో లేదో
తుమ్మొచ్చింది. మోచేతిలో దాచుకున్నాను.

"బ్లెస్ యూ."
కాసేపాగి, తోచక కాబోలు,
"ఎక్కడి మాటో తెలుసా అది?
బ్లడ్‌లోంచి పుట్టిందంటారు.
చర్చిలు లేని కాలంలో
బలి నెత్తురు చిలకరించడమట, బ్లెస్ అంటే.
పాదిరీలొచ్చి మాటని ఉంచుకున్నారు,
మరక కడిగేశారు."

తొట్టెలో సంచి ఊగుతోంది, చంటిదానిలా,
వెచ్చగా బరువెక్కుతూ.

మా తాత బైండ్ల ఉప్పలయ్య.
బొడ్రాయి పండుగ రాత్రి
నెత్తురు కలిపిన బువ్వ గంప నెత్తికెత్తుకుని
ఊరంతా చుట్టొచ్చేవాడు.
పిడికెడు చల్లి, పొలి!
మళ్ళీ పిడికెడు, పొలి!
దీపాలార్పి తలుపులేసుకునేవాళ్ళు.
చూస్తే కళ్ళు పోతాయన్నారు.
తడిక సందులోంచి చూశాను. పోలేదు.

ఆయన నడిచినంత మేర పొలిమేర.
ఆయన గొంతు చీలితే పొలికేక.
పండితులు ఒప్పుకుంటారో లేదో, నాకైతే అంతే.
కళ్ళంలో వడ్లు కొలిచేటప్పుడూ పొలి అనేవాళ్ళు,
రాశి తరగొద్దని.
తెల్లారితే
హోటలు చూరుకింద ఆయనకి వేరే గ్లాసు.
ఆయనే కడుక్కోవాలి.

నాలుగు వందల డెబ్బై మిల్లీలీటర్లు. మిషన్ కూత పెట్టింది.
గొట్టం నొక్కి సీలు వేశాను. సంచి మీద
పేరుండదు, గీతలే. ఏ ఒంట్లోకి పోతుందో
నాకూ తెలీదు, ఆయనకీ తెలీదు.

దూది అదిమిపట్టుకుని లేచి కూర్చున్నాడు.
వలంటీరమ్మ టీ తెచ్చింది.
అందరికీ అవే తెల్లకప్పులు.
నా కళ్ళు ముందు వాటినే లెక్కపెడతాయి, ఇప్పటికీ.

"మీ భాషలో ఏమంటారు దాన్ని?"
దీవెన అని నోటిదాకా వచ్చింది,
ఇస్త్రీ చేసిన మాట.
పొలి, అన్నాను.

నాలుక మీద రెండుసార్లు తిప్పి చూసుకున్నాడు.
బొటనవేలు మంచం అంచు మీద
ఉలి పట్టినట్టు కదిలింది.
"ఎన్నక్షరాలు?"

రెండే.

ఆరో మంచం దగ్గర ఎవరో పిలిచారు.
గ్లవ్స్ మార్చుకుని వెళ్ళాను.