జాన కర్ర

యెహెజ్కేలు గారు పోర్టులో పైలట్.
ఓడల్ని రేవుకి నడిపే చేతుల్తో
గోనెలో చుట్టిన ఇనప తలకాయొకటి తెచ్చి
నా బల్ల మీద పెట్టారు.
"కాకినాడలో పాత సామాన్ల వేలంలో దొరికిందయ్యా,
గోల్ఫు కర్ర. కాడ పుచ్చిపోయింది.
కొత్తది చెక్కుతావా?"

తాళ్ళరేవులో నన్నెవరైనా
కాడ చెక్కమని అడిగి పదకొండేళ్ళయింది.
ఇప్పుడు నేను ఫైబర్ పడవలకి మాట్లేస్తాను.
గాజునూలు, రెజిన్, మూతికి గుడ్డ,
రెండుసార్లు స్నానం చేసినా వదలని దురద.
తెడ్లు చెక్కిన బాడిశ
కోళ్ళగూటి తలుపుకి గడియగా ఉంది.

ఆయ్, చెక్కుతానండి, అన్నాను.
ఎందుకన్నానో తెలీదు.

ఆ కాడకి వాడే చెట్టు
సముద్రానికి అవతలెక్కడో ఉంటుందట.
మనకి జాన ఉంది.
రంపచోడవరం సంతలో
కావిడిబద్దలమ్మే ముసలామె దగ్గర
ఒకటి తీసి, వంచి, వదిలాను.
చెంపదెబ్బ తిన్న పిల్లాడిలా
ఒక్క క్షణం ఆగి
నిటారుగా లేచింది.
బేరమాడలేదు.

మూడు రోజులు చిత్రిక.
నార ఎటు పోతే అటే పోవాలి,
ముడి దగ్గర ఊపిరి బిగబట్టాలి.
నాలుగో రోజు సీసాపెంకుతో గీకి, అవిసెనూనె పట్టించి
మైనం దారం బిగించి చుడితే
పాత తల కొత్త మెడ మీద కూర్చుంది.

ఆదివారం ప్రార్థన అయ్యాక
నన్నూ తీసుకెళ్ళారు.
ఉప్పాడ దారిలో, సరుగుడు తోటల వెనక మైదానం.
పచ్చికంటూ లేదు.
గుంట చుట్టూ ఇంజను నూనె కలిపి తొక్కిన ఇసక,
జెండాకి బదులు కొబ్బరిమట్ట.

పోటీకి కస్టమ్స్ ఆఫీసు కుర్రాడు, నిశాంత్.
సంచి నిండా కార్బన్ కర్రలు,
ఒకదాని తల దబ్బకాయంత.
కొట్టాడు.
గిన్నె జారిపడ్డ చప్పుడు.
బంతి కొంగల్ని దాటి, వాటి నీడల్ని దాటి
తెల్ల చుక్కయి ఆగింది.
"వంకరగా తగిలిందంకుల్, అయినా తిన్నగానే పోయింది.
ఈ కర్ర తప్పుల్ని మన్నిస్తుంది."

యెహెజ్కేలు గారు కొట్టారు.
ఎండిన తాటిమట్ట విరిగినట్టు
పొట్టి చప్పుడు.
బంతి సగం దూరం పోయి ఉప్పుబురదలో పడితే
పీతలు చెదిరాయి.
ఆయన మోచెయ్యి రుద్దుకుంటూ ఒకటే నవ్వు:
"మడమకి తగిలింది. ఎక్కడ తప్పానో
భుజం దాకా వచ్చి చెప్పిందయ్యా నీ జాన!"

నిజం చెప్పొద్దూ,
నాకా కార్బన్ కర్రే నచ్చింది.
ఎత్తి చూశాను, పావురం ఈకంత.
చెద పట్టదు, వానకి ఉబ్బదు.
ఫైబర్ పడవల్లో పోయినవాళ్ళు
గాలివానలోనూ తిరిగొస్తున్నారు.
నేను చెక్కిన తెడ్డు ఒకటి
ఉప్పుటేటి మొగలో విరిగి
అప్పన్న రాలేదు.
చెక్క గొప్పదని
ఏ నోటితో అనను?

కానీ ఆ ఒక్క మాట, మన్నిస్తుంది అన్నది,
ఇంటిదాకా నాతో సైకిలెక్కింది.
మా గురువు భద్రాచారి గారి అడుగుబద్ద
నా కణుపుల్ని ఒక్కసారీ మన్నించలేదు.
చేతి తప్పు చేతికే తెలీకుండా దాచేది
దయో, ఇంకేదో.
రెజిన్ చేతులకి ఏం తెలుస్తుంది,
దురద తప్ప.

రాత్రి, మిగిలిన జాన ముక్క రెండడుగులుంటే
పెరట్లో పున్నకాయ పెట్టి కొట్టాను.
అది పక్కకి ఎగిరి
కోళ్ళగూటి తలుపుకి టపీమని తగిలింది.
కోళ్ళన్నీ ఒక్క గొంతుతో లేచాయి.
"ఏటయ్యా అది, పిల్లేనా?" లోపల్నించి వరహాలు.

మణికట్టు దగ్గర జివ్వుమంటోంది.
కుడి చెయ్యి తొందరపడిందని చెబుతోంది.

పిల్లేలే, పడుకో, అని
ఇంకో కాయ పెట్టాను.