కొవ్వొత్తి ముక్క

చుట్టుగుంట దాటాక రెండో సందులో
మా కారు షెడ్డు షట్టరు గొంతు ఎరగని ఇల్లు లేదు.
బ్లడ్‌బ్యాంకులో రాత్రి డ్యూటీ దిగి
మూడున్నరకి వచ్చి
పిడి పట్టుకుని పైకి నెట్టానా,
రేకు పళ్ళెం మీద మేకుతో గీసినట్టు
ఒక కేక.
ముందు కుక్కలు,
తర్వాత ఎదురింటి మేడమీద లైటు,
పొద్దున పాలప్యాకెట్ల దగ్గర పున్నమ్మగారు:
"రాత్రి నాలుక్కి పది నిమిషాలుందనగా వచ్చినట్టున్నావే?"

నా జీతమెంతో ఈ వీధికి తెలియదు.
నా వేళలు మాత్రం కంఠతా వచ్చు.

నేనూ ఊరుకోలేదు.
పోయిన శ్రావణంలో
సీసా అడుగున మిగిలిన కొబ్బరినూనె
రెండు పక్కలా గైడుల్లోకి ఒంపేశాను.
వారం రోజులు వెన్నలా జారింది.
ఎనిమిదో రోజు చీమలొచ్చాయి.
యార్డుకి పోయే మిర్చి లారీల ధూళి
ఆ నూనెలో దిగి, ఊరి,
ఎండాకాలానికల్లా
ఆవకాయ జాడీ అడుగు గసిలా గట్టిపడింది.
షట్టరు సగంలో ఆగిపోయి
నన్ను తుమ్మించింది.

సిలార్ మేస్త్రి వచ్చాడు.
వేలితో గీకి, వాసన చూసి,
"దీనికి తాలింపు పెట్టారా అమ్మా?" అన్నాడు.

పది దాటేదాకా ఒక్క చుక్క నూనె వెయ్యలేదు.
కిరసనాయిలు, పాత బనీను,
స్క్రూడ్రైవరు మొనకి చుట్టిన గుడ్డ.
పసిపిల్ల చెవి తుడిచినట్టు తుడిచాడు.
ఎర్రమట్టి, కారం, బొద్దింక రెక్క,
ఎప్పుడు పోయిందో తెలియని నా ఐడీకార్డు క్లిప్పు,
అన్నీ కాగితం మీద పరిచి చూపించాడు.
"మురికి మీద నూనె పోస్తే
మురికికే బలం."

నిచ్చెన వేసి పైన డ్రమ్ము దగ్గరికి ఎక్కుతూ
నన్ను రెండడుగులు వెనక్కి పొమ్మన్నాడు.
"మిగతాదంతా మీరు చేసుకోండి,
ఈ స్ప్రింగు జోలికి మాత్రం రాబాకండి."
ఎందుకని నేనడగలేదు.
నిచ్చెన పట్టుకున్న ఎడంచేతికి
ఉంగరపు వేలు సగమే ఉంది.
చుట్టలు చుట్టుకుని, నోరెత్తకుండా,
తలుపు బరువంతా మోస్తూ కూర్చున్న ఆ స్ప్రింగుని
కిందనుంచి చూస్తుంటే
మా హెడ్‌నర్సు ఎస్తేరుగారు గుర్తొచ్చారు.
ఆవిడ జోలికీ ఎవరూ పోరు.

బేరింగుకి గోళీకాయంత గ్రీజు.
స్ప్రింగుకి కుట్టుమిషను నూనె, చుట్టకో చుక్క.
పట్టీల కీళ్ళకి
తడిగుడ్డ చూపించాడంతే.
తాళం కన్నంలో చెక్కిన పెన్సిలు పొడి.
గైడుల్లో మాత్రం నూనె వద్దు,
మళ్ళీ కారం తింటుందని,
కొవ్వొత్తితో పైనుంచి కిందికి రుద్దాడు.
గోడ లోపలివైపు గ్రీజు వేలితో తేదీ రాసి,
"ఆర్నెల్లకోసారి తుడుచుకోండి, నన్ను పిలవక్కర్లేదు" అని
ఐదొందల కాగితం తీసుకుని
తిరిగి ఇవ్వాల్సిన యాభైకి చిల్లర లేక
మిగిలిన కొవ్వొత్తి ముక్క నా చేతిలో పెట్టాడు.

ఆ రాత్రి మూడున్నర.
రెండు వేళ్ళతో ఎత్తాను.
దుప్పటి తొలగించినంత చప్పుడు.
ఒక కుక్క తలెత్తి, నన్ను చూసి, మళ్ళీ పడుకుంది.
మేడమీద లైటు వెలగలేదు.
దొంగలా నవ్వుకుంటూ మెట్లెక్కి
సగంలో ఆగాను.
వేశానా?
ఇన్నేళ్ళూ
వేశావని చెప్పింది చెవి, చెయ్యి కాదు.
దిగి చూశాను. వేసే ఉంది.
పడుకున్నాక ఇంకోసారి దిగాను.

పాలప్యాకెట్ల దగ్గర
పున్నమ్మగారి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.
"డ్యూటీకి పోలేదా ఏంది రాత్రి?
చీకట్లో ఐదింటిదాకా చెవొగ్గి పడుకున్నా.
నువ్వొచ్చిన అలికిడి లేకపాయె."
పోయానండీ, వచ్చానండీ అన్నాను.
నమ్మినట్టు లేదు.

ఈ రాత్రి షట్టరు దించాక
నడివీధిలో నిలబడి
తాళాలగుత్తి రెండుసార్లు,
కావాలనే, ఆడించాను.

ఎదురింటి మేడమీద
చీకట్లో
ఒక మంచం కిర్రుమంది.