మరవాడు

ఎండిన గింజకు ఒక గొంతు ఉంటుంది.
తొట్టిలో పోస్తే గలగలమంటుంది,
రాళ్ల గుట్ట మీద మేకల మంద దిగినట్టు.
తడి గింజ అలా కాదు,
నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు
గొణుగుతుంది.

పద్దెనిమిదేళ్లుగా కిటూయి రోడ్డు పక్కన
డీజిల్ మర ఆడిస్తున్నాను.
కళ్లు మూసుకుని చెప్పగలను తేడా.

ఆ మధ్యాహ్నం సియోకావు తెచ్చిన మొక్కజొన్న
గొణిగింది.

దొంగల భయానికి పచ్చి మీదే విరిచారట,
మంచం కింద మట్టినేల మీద పోశారట,
పైన పిల్లలు పడుకునేవారట.
బూజు పట్టిన గింజల్ని ఒక్కొక్కటీ ఏరి
కోళ్లకు వేసిందట.
"మిగిలినవి మంచివే, ముస్యిమీ" అంది,
దోసిట పట్టి చూపించింది.
చూపుకు మంచివే.
డబ్బాకు పది షిల్లింగులు.
ఆ రోజుకి నాకు అదే బోణీ.

మీట నొక్కాను.
పిండి తెల్లగానే పడింది.

ముందు కోళ్లు తలలు వాల్చాయి. తెగులనుకుంది.

ఉడికిస్తే బూజు చస్తుంది.
అది కక్కిపోయింది చావదు.
కట్టె తిప్పి తిప్పి చేతులు లాగే
ఉగాలి సంకటిలోనూ చావదు.
రంగు లేదు, వాసన లేదు.
చేదైనా ఉంటే బాగుండేది,
పిల్లలు ఉమ్మేసేవారు.

కార్జం ఎక్కడుంటుందో ఆస్పత్రి నర్సు కవుథా
నా చొక్కా మీదే వేలితో గీసి చూపింది.
తిన్నదంతా అక్కడ ఆగుతుందట,
మంచీ చెడూ ఏరి పంపుతుందట,
సియోకావు గింజలు ఏరినట్టే.
ఈ విషాన్ని మాత్రం విరగ్గొట్టబోయి
తన చేత్తోనే పదును పెడుతుందట.
తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లని చూశాను.
ఇది లెక్కతో ఊరుకోలేదు.

చిన్నది కలేక్యె
కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట డప్పులా బిగిసింది.
ఎనిమిదో రోజు
మంచం ఖాళీ చేయించారు.
ముతుంగా బతికాడు.
బడి వరుసలో ఇప్పటికీ అందరికన్నా ముందుంటాడు,
పొట్టివాళ్లని ముందు నిలబెడతారు కదా.

ఇప్పుడు ప్రతి సంచిలోంచీ ఒక గింజ కొరికి చూస్తాను.
టక్కున విరగాలి.
విరగకపోతే తిప్పి పంపుతాను.
తిట్టుకుంటూ పోతారు.
ఆరు కిలోమీటర్ల అవతల ఇంకో మర ఉంది,
వాడు కొరకడు.

సియోకావు నన్ను ఒక్క మాటా అనలేదు.
గింజలు నా దగ్గరికే తెస్తుంది.
తొట్టిలో పోస్తూ
నాతోపాటు తనూ చెవి ఒగ్గి వింటుంది.

పొద్దున్నే మర తెరిచాక
రెప్పల మీది పిండి దులుపుకుని
గోడకున్న లారీ అద్దం ముక్కలో
కళ్లు విప్పార్చి తెల్లగుడ్డు చూసుకుంటాను.
పద్దెనిమిదేళ్ల పిండి పీల్చాను.
తెల్లగానే ఉన్నట్టుంది.
వెలుతురు చాలదు గానీ.