ఎరుపుకు ఎన్ని బిందెలు

నల్లగొండ గడియారం సెంటర్‌లో
మెడికల్ షాపు మీది గదిలో
పన్నెండు డ్రెస్సుల బొమ్మలు గోడకు గుచ్చి వచ్చాను.
పదకొండింటికి గుడ్డ దొరికింది.
పన్నెండోది ఎరుపు.

పుట్టపాకలో బస్సు దిగేసరికి సంచిలో ఒక చిట్టా:
పాలిస్టర్ వద్దు, రసాయనం వద్దు,
నేలను నొప్పించని రంగు కావాలి.
రాసుకున్నప్పుడు ఎంత తేలికో ఆ కాగితం.

మార్కండేయులు చిట్టా చదవలేదు.
నూలు చిలప ఒకటి నా ముక్కు దగ్గర పెట్టాడు.
ఆముదం.
చెల్కల కాసిన ఆముదపు కాయలు కాల్చి,
ఆ బూడిద నీళ్లలో, నూనెలో
పదిహేను దినాలు పిసికి, ఎండేసి, మళ్లీ పిసికి...
"వాసనకు భయపడకు బిడ్డా,
ఉతికినకొద్ది వాసన పోతది, రంగు కాదు."

నలుపు చూపించాడు:
తుప్పు పట్టిన ఎద్దు లాడాలు, బెల్లం నీళ్లు,
మూతి కట్టిన కుండలో పులిసిన నలుపు.
ఎరుపు అడిగాను.
అతను అండాలమ్మ వైపు చూశాడు.

ఆసు ముందు కూర్చుని
మేకు మేకుకూ దారం తిప్పుతోంది ఆమె.
చెయ్యి ఆపలేదు. లెక్క తప్పలేదు.
"ఎరుపుకు నలభై బిందెలు" అంది.

"ఉడకవెట్టాలె, జాడియ్యాలె, మళ్ల జాడియ్యాలె.
బోరు నీళ్లల్ల ఎరుపు ఊదగ తిరుగుతది.
నల్లా నీళ్లే కావాలె.
నల్లా గంటసేపే."

నవ్వింది.
పళ్ల మీద అడ్డంగా గోధుమ గీతలు.
చిన్నప్పటి బోరు నీళ్లు అద్దిన అచ్చు.
ఎన్ని ఉతుకులకూ పోని రంగు ఏదో
అప్పుడు చూశాను.

దండెం మీద ఆమె చీర ఆరుతోంది.
వీళ్ల గళ్లే, వీళ్ల రుమాలు పువ్వే,
నేత కాదు, ప్రింటు. ముట్టుకుంటే జారింది.
"సూరత్‌ది. మూడొందలు.
ఒక్క బిందెల ఉతుకుడు అయిపోతది,
బువ్వ ఉడికే లోపు ఆరుతది."
నా చిట్టాలో
దీనికి జవాబు లేదు.

"నలభై బిందెలకు ఎంత గుడ్డ?"
"ఒక దుపట్టాకు సరి."
నేను గౌను గీశాను, నేలను ఊడ్చేంత ఘేరుతో.

రాత్రి గదిలో నిఖత్ కత్తెర పట్టుకుని అడిగింది,
"ఎరుపేది అక్కా?"
అంచుకు, రెండు వేళ్ల వెడల్పు. తక్కినదంతా
రంగు వేయని నూలు.
"పెళ్లి సీజన్‌లో తెల్ల గౌను ఎవరు కొంటరు?"
తెలియదన్నాను. నిజంగానే తెలియదు.
చీటీ మీద సైజు కింద బిందెలు అని రాసి
అంకె వేయబోయి ఆగాను.
నాలుగా? అయిదా?
అండాలమ్మను అడిగి రాయాలి.

మూట విప్పగానే గదంతా ఆముదం.
కింది నుంచి మెడికల్ షాపు సత్తయ్య
మెట్లెక్కి వచ్చి తలుపులో నిలబడ్డాడు,
"పిల్లలెవలికన్న కడుపునొస్తుందా?"