తక్కువ దెబ్బల లెక్క

ఆటోనగర్‌లో లారీ కమాను పట్టీ విరిగితే
ఆ ముక్క కోసి, వంచి, పైపుకి వెల్డింగు పెట్టి
ఇచ్చాను కరీముల్లాకి.
పదకొండేళ్ళు వాడికప్పుడు,
నట్లు కడిగి కడిగి డీజిల్ వాసనేసే చేతులు.
బంతి స్క్రాపు లోడులో దొరికింది,
ఒళ్ళంతా గుంటల బంతి.

ఎండాకాలం బ్యారేజీ కింద
కృష్ణ ఇసక మేటేసి పడుకుంటే
అందులోంచి లేపేవాడు దాన్ని.
బంతిని కాదు, వెనకున్న ఇసకని కొట్టాలని
ఎవరు చెప్పారో వాడికి!

ఇప్పుడు రాత్రి రెండింటికి
షట్టర్ సగం దించుకుని టీవీలో చూస్తాను.
ఏ దేశమో, వానలో కూడా గొడుగుల కింద జనం,
ఊపిరి బిగబట్టి.
ఈ ఆట లెక్క నాకింకా ఎక్కదు:
తక్కువ కొట్టినోడు గెలుస్తాడట.
మా దగ్గర ఎన్ని సుత్తి దెబ్బలో అంత కూలి.

నాలుగు కప్పుల సంగతి పేపర్లు రాశాయి.
ఒక్క దెబ్బ తేడాతో
శుక్రవారం సాయంత్రమే సంచీ సర్దుకున్న ఆరేళ్ళు
నాకు ఫోన్లో తెలుసు.
"మేస్త్రీ, వెల్డింగు చేసింది ఎక్కడ విరుగుద్ది?"
అతుకు దగ్గర కాదురా,
అతుకు పక్కన.
చాలాసేపు మాట్లాడలేదు.

మొన్నొచ్చాడు, కారు సందు చివరే ఆపి.
టీ తాగాడు. ఆ పాత కర్ర ఉందా అన్నాడు.
ఎప్పుడో తూకానికేశానన్నాను,
కిలో ఇరవై రెండు.
నవ్వి, సరేలే అని వెళ్ళిపోయాడు.

చీకటి పడ్డాక
దాని వంపుతోనే
షట్టర్ కిందికి లాగాను, రోజూలాగే.