పొగ తాగిన విత్తనం

మొదటి పాఠం, చేతులు కడుక్కోవడం.
"నిన్న కోళ్ళ ఎరువు ముట్టావు కదూ"
నా గోళ్ళ వైపు చూడకుండానే అంది వాషీలా ఆంటీ.
ఎరికాకి ఆకలి తక్కువ, అభిమానం ఎక్కువ.
పస్తయినా ఉంటుంది గానీ
బలమని పెట్టింది తిని చచ్చిపోతుంది.

విత్తనం అరచేతిలో పోస్తే
ముక్కుపొడి అనుకుంటారు.
చిటికెడు విత్తనానికి గుప్పెడు ఇసుక కలిపి
ఊపిరి బిగబట్టి చల్లాలి.
మార్చి వెళ్ళాక,
ఆగ్నేయపు గాలి అలిసిపోయాక,
రాత్రులు దుప్పటి అడగడం మొదలుపెట్టాక.

తర్వాత పొగ.
పాత నూనె డ్రమ్ములో ఎండుపుల్లా పచ్చాకూ రాజేసి
గొట్టంతో ప్లాస్టిక్ గుడారంలోకి పంపుతాం.
కళ్ళు మండుతాయి.
కొండ తగలబడిందని తెలిస్తే గాని
తల్లి బూడిదైందని తెలిస్తే గాని
ఈ బిడ్డ కన్ను తెరవదు.
"అబద్ధం చెబుతున్నాం కదా ఆంటీ?"
"కాదు, డెన్వర్. గుర్తు చేస్తున్నాం."

ఆరు వారాలు ఏమీ ఉండదు.
ఇసుక. ఇసుక మీద నా తల నీడ.
రోజూ మంచు కురిసినంత సన్నగా నీళ్ళు,
కుళాయివి కాదు, వాటిలో సున్నం.
పైకప్పు మీంచి పట్టిన వాన నీళ్ళు.
ఏడో వారం కళ్ళజోడు తుడుచుకుని చూస్తే
పచ్చటి దుమ్ము.

మొదటి ఏడు నలభై మొక్కలు చంపాను.
కుండీ మారుస్తూ
వేళ్ళకంటిన మట్టి విదిలించాను.
జుట్టుకన్నా సన్నటి వేళ్ళవి, తెగిన చప్పుడు కూడా రాదు.
ఎరికా చచ్చాక కూడా కొన్నాళ్ళు పచ్చగానే ఉంటుంది.
పలకరిద్దామని వేలు తగిలిస్తే
గలగలా రాలిపోతుంది.

ఆంటీ తిట్టలేదు.
నలభై కుండీలూ నా చేతే కడిగించింది.
టీ తాగుతూ వాళ్ళమ్మ గదీజా సంగతి చెప్పింది.
కొండ కింద వాళ్ళ ఇల్లు,
వీధి మలుపులో పూల బకెట్టు,
ఈ చోటు ఇక తెల్లవాళ్ళకేనని తలుపుకంటించిన కాగితం.
లారీలో ఏడుగురు పిల్లలు, ఒక కుట్టుమిషను,
పాలపొడి డబ్బాలో పెళ్ళగించిన ఎరికా.
ఇసుక మైదానంలో ఇచ్చిన ఇంటి గడప పక్కన నాటితే
నెల తిరగలేదు.
"మరి అమ్మ?"
"అమ్మకేం, చాలా ఏళ్ళు పచ్చగానే ఉంది."

అప్పుడెవరికీ తెలియదు,
అమ్మ తెచ్చింది కొండ ఎరికా.
ఈ ఇసుకకు దాని సొంత ఎరికా ఒకటుండేది,
గులాబీ రంగు, పొడుగు గొట్టాల పువ్వు.
అది మా ఇళ్ళ పునాదుల కిందే పోయింది.
మమ్మల్ని తెచ్చి దాని మీద పోశారు.
మేమిప్పుడు పెంచేది దాన్నే,
ఎక్కడో ఎవరి పెరట్లోనో మిగిలిన ఒక్క మొక్క సంతానాన్ని.

నాటేవాళ్ళకు నేనూ అవే చెబుతాను.
దగ్గరదగ్గరగా నాటండి,
ఒకదాని వేరుకు ఇంకొకటి నీడ.
మొదట్లో పార పెట్టకండి,
కలుపును పీకకండి, కత్తిరించండి.
పైన్ సూదులు పరచండి, కాండానికి తగలకుండా.
పూలయ్యాక కొసలు తుంచండి,
ఆకుల్లేని ముదురుకొమ్మ జోలికి వెళితే
మళ్ళీ చిగురించదు.
మళ్ళీ చెబుతున్నాను, వేళ్ళను కదపొద్దు.
ఆ మాటన్నప్పుడు ముసలివాళ్ళు కొందరు
కుండీ వైపు కాక నా వైపు చూస్తారు.

రైలు కట్ట పక్కన, బడి కంచె వెంట
పోయినేడు అరవై నాటాం. ముప్పై ఒకటి బతికాయి.
ఆంటీ మోకాళ్ళ మీద కూర్చుని రెండుసార్లు లెక్కపెట్టింది.
వంకరముక్కు తేనెపిట్ట ఒకటి
కంచె తీగ మీద వాలి, మమ్మల్ని పట్టించుకోకుండా
ఏ పువ్వులోకి దూరాలో తేల్చుకోలేక
తల అటూ ఇటూ తిప్పింది.

ఇంటికెళితే మా చిన్నది ముక్కు మూసుకుంటుంది.
చొక్కా నిండా పొగ.
రేపు మళ్ళీ చల్లాలి,
ఉతకొద్దన్నాను.