సారె

ఆషాఢంలో ఆకు రాల్చడం పనసకి తెలీదు.
మెంటాడ అవతల కొండవాలులో
సుక్కమ్మకి నేను బయానా ఇచ్చిన చెట్టు
పైకొమ్మ నుంచి మొదలెట్టి
పదకొండు రోజుల్లో టీపొడి రంగుకి తిరిగింది.

బెరడు నిండా సన్నటి తెల్లపుల్లలు,
ఎవరూ వెలిగించని అగరొత్తులు.
వేలు తగిలితే పొడి.
"పూజ ఎవులు సేసినారో" అంది సుక్కమ్మ.
నవ్వలేదు.

కోయించి, ట్రాక్టరెక్కించి, గొల్లపల్లి తెచ్చాను.
ముఖలింగం మావ దుంగ చుట్టూ ఒకసారి తిరిగాడు.
ఉలి వెనక్కి తిప్పి మూడుచోట్ల తట్టి
చెవి ఆనించాడు,
చెట్టులో వీణ ఉందో లేదో నలభై ఏళ్లుగా చెబుతున్న చెవి.
"ఏటుంది మావా?"
"కాపరముంది."

రంపం నడిమికి దిగింది.
పసుపుముద్దలాంటి చెక్కలో
గుండుసూది పట్టేంత కన్నాలు,
కన్నం కన్నానికీ చుట్టూ ఒలికిన సిరా.
"పిల్లంగోవికైతే కన్నాలు కావాల.
వీణకేటి సేసుకోను?"
బీడీ ముట్టించి నీడలోకి పోయాడు.
నా పదహారువేలు ఎండలో రెండుచెక్కలై పడున్నాయి.

విజయనగరం నుంచి భూతద్దంతో వచ్చింది హేమలత.
పురుగుల చదువట.
నన్నూ వంగి చూడమంది.
నువ్వుగింజంత ప్రాణి, వెనక్కి నడుస్తోంది.
"ఇది చెక్క తినదండీ,
వ్యవసాయం చేస్తుంది."

దవడ దగ్గరి సంచిలో బూజువిత్తనం మోసుకొస్తుందట తల్లి.
చెట్టులోకి చాలు తీసి
తవ్విన పొట్టు వాకిలికి తోస్తుందట
(అగరొత్తులు అవే).
గోడలకి బూజు నాటి, కలుపు తీసి,
పిల్లలకి ఆ పంటే పెడుతుంది.
తల్లి పోతే
వారం తిరక్కుండా పొలం బీడు.
కొడుకులకి ఎగిరే రెక్కల్లేవు, పుట్టిన గదిలోనే కడతేరతారు.
కూతుళ్ళు మాత్రం వెళ్ళేముందు
అమ్మ పొలంలోంచి ఇంత
సంచిలో నింపుకుంటారు.

నీళ్ళెక్కే దారుల్లో ఆ ఇంతే అల్లుకుంది.
వేళ్ళు వానలో నానుతుండగా
చెట్టు దాహంతో పోయింది.

దుంగ తగలెట్టెయ్యమంది హేమలత.
తగలెట్టాను. పనసపొగ తియ్యగా ఉంటుందని
అప్పుడే తెలిసింది.

మిగతా డబ్బు లెక్క తేల్చుకోడానికి కొండెక్కి
ఇదంతా సుక్కమ్మకి చెప్పాను.
డబ్బు ఊసెత్తలేదు.
"అయితే సారె అట్టుకెల్తన్నాయన్నమాట"
అని లోపలికెళ్ళి
అటకమీంచి ఆనపబుర్ర దించింది.
పాచిపెంట నించి వాళ్ళమ్మ కట్టిచ్చిన చోళ్ళ విత్తనం,
ముప్ఫై ఏళ్ళుగా ఏటేటా మొలిచి, మళ్ళీ బుర్రలోకే.
నా అరచేతిలో కొన్ని పోసి
మళ్ళీ లెక్కగా వెనక్కి తీసుకుంది.

పెరట్లో రెండో పనస ఉంది.
ఇద్దరం చుట్టూ తిరిగాం.
ఆకు పచ్చగానే ఉంది.
మోకాలెత్తున, దక్షిణం వైపు,
ఒకే ఒక్క తెల్లపుల్ల.

నేను చూశానని ఆవిడ చూసింది.
కొంగుతో తుడిచేసింది.